విత్తనాలూ తినేస్తే వచ్చే ఏడు చల్లేదేమిటి? ఇల్‌ఖాన్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల మోటుపల్లి రేవు గురించి రాస్తూ, ఆ రేవు సంగతి లోకానికి చెప్పిన మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో కోకచిన్ అనే మంగోలు ఆడపడుచును పర్షియాలో దిగబెట్టడానికి ఓడెక్కాడని ఒక్క ముక్క అన్నాం. ఆ ముక్క పట్టుకుని కోనసీమ నుంచి, ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఆమె మెట్టినిల్లు ఇల్‌ఖాన్ల రాజ్యం. 1256లో పుట్టి 1335లో విరిగిపోయింది. ఎనభై ఏళ్లు కూడా నిండలేదు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఇల్‌ఖాన్ అంటే ఏమిటండి? చెంఘిజ్ ఖాన్ రాజ్యమూ ఇదీ ఒకటేనా?
— డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: చెట్టు ఒకటే, కొమ్మ వేరు. చెంఘిజ్ ఖాన్ 1227లో పోయాడు. ఆయన కొడుకు తొలుయ్. తొలుయ్ కొడుకుల్లో పెద్దవాడు మోంకె 1251లో మహాఖాన్ అయ్యాక, ఒక తమ్ముడు కుబ్లాయ్‌కి చైనా వైపు పని అప్పజెప్పాడు, మరో తమ్ముడు హులగును పడమటికి పంపాడు. హులగు 1256 జనవరిలో ఆము నది దాటాడు. ఆ ఏడాది చివరికల్లా అలమూత్ కొండకోటల్లోని నిజారీ ఇస్మాయిలీలు (షియాల్లో ఒక శాఖ) లొంగిపోయారు. 1258 ఫిబ్రవరి 10న బాగ్దాదు పడింది, పది రోజులకు ఖలీఫా అల్ ముస్తాసిమ్‌ను చంపించాడు.

'ఇల్‌ఖాన్' అంటే పెద్ద ఖానుకు లోబడిన ఖాన్ అని ఎక్కువమంది చెప్పే అర్థం. వాళ్ల ఏలుబడిలో ఇరాన్, ఇరాక్, అజర్‌బైజాన్, అర్మేనియా, జార్జియా, టర్కీలో చాలా భాగం, పడమటి అఫ్గానిస్తాన్ ఉండేవి. రాజధాని మొదట మరాఘా, తర్వాత తబ్రీజ్, ఆపైన సుల్తానియా. నిజానికి ఖాన్ ఎక్కడ డేరా వేస్తే అదే రాజధాని. చలికాలం పల్లపు మైదానాల్లో, ఎండాకాలం కొండ మీది పచ్చిక బీళ్లలో ఉండేవాడు.

ఒక సంగతి మొదటే గుర్తుంచుకుంటే తర్వాతి కథంతా తేలికగా బోధపడుతుంది. ఈ రాజ్యం చెంఘిజ్ వంశపు ఉమ్మడి ఆస్తిలోంచి హులగు తన అనుభవంలో పెట్టుకున్న చెక్క. అజర్‌బైజాన్ పచ్చిక బీళ్లు తమ వాటాలోవి అని ఉత్తరాన వోల్గా నది వైపు ఏలే దాయాదులు (వాళ్లను బంగారు గుంపు అంటారు) వాదించారు. 1262లో మొదలైన ఆ గట్టు తగాదా రాజ్యం పోయేదాకా తెగలేదు.

ప్రశ్న: హులగు బాగ్దాదు చుట్టూ ఉన్న కాలువలన్నీ తెగ్గొట్టించాడనీ, అందుకే ఇరాక్ ఎండిపోయిందనీ చదివాను. లాకుల దగ్గర ముప్ఫై ఏళ్లు లస్కరుగా చేసిన మనిషిని. ఒక సైన్యం అన్ని కాలువలు తెగ్గొట్టగలదంటే నమ్మబుద్ధి కావడం లేదండి.
— విశ్రాంత ఉద్యోగి, ఆత్రేయపురం

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. గండి కొట్టి కాలువను చంపడానికి చాలా పని కావాలి. పూడిక తీయకుండా నాలుగేళ్లు వదిలేస్తే అదే చస్తుంది.

బాగ్దాదు ప్రాంతానికి ప్రాణం పోసిన పెద్ద కాలువ నహ్రవాన్. టైగ్రిస్ నదికి తూర్పు వైపున, సుమారు 300 కిలోమీటర్ల పొడవున పారేది. మంగోలులకు ఏడు వందల ఏళ్ల ముందు ససానియన్ రాజులు దాన్ని పూర్తి చేశారు. 937లో ఇబ్న్ రాయిఖ్ అనే సేనాని, మీదికొస్తున్న ప్రత్యర్థిని ఆపడానికి దానికి గండి కొట్టించాడు. ఆ తర్వాత బాగుచేశారు, మళ్లీ చెడింది, మళ్లీ చేశారు. 12వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి దిగువ భాగమంతా ఒండ్రుతో పూడిపోయి ఊళ్లు ఖాళీ అయ్యాయి. హులగు వచ్చింది అప్పటికి నూరేళ్ల తర్వాత. ఆ నేరం ఆయన నెత్తిన వేయకూడదు.

అలాగని మంగోలులు నీటిని ఆయుధంగా వాడలేదని కాదు. 1258 జనవరి మధ్యలో ఖలీఫా సైన్యం టైగ్రిస్ పడమటి ఒడ్డున దిగి ఉండగా, రాత్రికి రాత్రి గట్లు తెంచి ఆ సైన్యం వెనకనున్న పల్లపు నేలంతా ముంచేశారు. తెల్లారి తరుముతుంటే వెనక్కి పోయే దారి లేక బురదలో చిక్కుకుని చాలామంది చచ్చిపోయారు. అది యుద్ధంలో ఒక రోజు పని. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. పారలు పట్టాల్సిన జనం చచ్చో, పారిపోయో, బానిసలుగా తరలిపోయో మాయమయ్యారు. ఒండ్రు మోసుకొచ్చే నదికి మనుషులు పోయిన సంగతి తెలియదు కదా. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తూడు, గుర్రపుడెక్క లాగి, పూడిక ఎత్తి, గట్లకు మట్టి వేయకపోతే మన శివారు పొలాలకు ఎన్ని కార్లు నీళ్లందుతాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇరాన్ వైపు నష్టం ఇంకా లోతుగా తగిలింది, ఎందుకంటే అక్కడ నీళ్లు నేల కింద నడుస్తాయి. దాన్ని 'ఖనాత్' అంటారు. పని జరిగే తీరు ఇదీ. కొండ పాదం దగ్గర నీటి జాడ చూసి ముందు తల్లిబావి తవ్వుతారు. అక్కడ నీళ్లు పడ్డ లోతునూ, ఊరి పొలాల మట్టాన్నీ కొలుచుకుని, పొలం వైపు నుంచి కొండ వైపుకు సొరంగం తవ్వుకుంటూ పోతారు. మనిషి వంగి నడిచేంత ఎత్తు, భుజాలు పట్టేంత వెడల్పు. దారి పొడుగునా కొన్ని గజాలకొకటి చొప్పున నిలువు బావులు దింపుతారు. తవ్విన మన్ను రాట్నంతో పైకి లాగడానికీ, గాలి ఆడడానికీ అవే దిక్కు. పైకి తీసిన మట్టిని బావి మూతి చుట్టూ గుండ్రంగా కట్టలా పోస్తారు. వానొస్తే వరద నీరు లోపలికి దూకకుండా ఆ కట్టే కాపాడుతుంది. సొరంగం వంకర పోకుండా తవ్వేవాడు వెనక రెండు నూనె దీపాలు పెట్టుకుంటాడు. వెనక్కి తిరిగి చూస్తే రెండూ ఒకదాని వెనక ఒకటి కనబడాలి. దీపం మసకబారితే గాలి చెడింది, పైకి వచ్చేయాలి.

వాలు దగ్గర చెయ్యి తిరిగినవాడు కావాలి. వెయ్యి గజాలకు ఒక గజం పల్లం అంటే మంచి వాలు. అంతకన్నా బాగా ఎక్కువైతే నీళ్ల పరుగుకు అడుగు కోసుకుపోయి కప్పు కూలుతుంది. తక్కువైతే ఒండ్రు అక్కడే కూర్చుంటుంది. ఇసక నేల తగిలితే కాల్చిన మట్టి వరలు దింపాలి. ఇంత చేసినా ఏటా లోపలికి దిగి శుభ్రం చేయాల్సిందే. వచ్చిన నీళ్లను వాటాదార్లు గంటల లెక్కన పంచుకుంటారు. అడుగున సన్న బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్లలో తేలేసి, అది ఎన్నిసార్లు మునిగితే అంత సేపు ఫలానావాడి వంతు. మన పాతకాలపు గడియకుడుక అన్నమాట.

ఇలాంటి ఊళ్లో తవ్వడం తెలిసిన పదిమందిని చంపేస్తే చాలు. మిగతా ఊరు తనంతట తానే ఎండిపోతుంది.

ప్రశ్న: బాగ్దాదును పన్నెండు పదమూడు రోజుల్లో పట్టినవాళ్లు ఈజిప్టు మీద ఎందుకు ఓడిపోయారు?
— రైతు, తణుకు

జవాబు: గడ్డి చాల్లేదు. 1260 సెప్టెంబరు 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర, ఈజిప్టును ఏలే మమ్లూకులు గెలిచింది హులగు మొత్తం సైన్యం మీద కాదు, కితుబుఖా అనే సేనాని దగ్గర మిగిలిన చిన్న దళం మీద. అన్న మోంకె చనిపోయిన కబురు అందుకుని హులగు అసలు సైన్యాన్ని అజర్‌బైజాన్‌కు మళ్లించుకుపోయాడు. వారసత్వపు గొడవ ఒక కారణం. రెండో కారణం హులగే చెప్పుకున్నాడు. 1262లో ఫ్రాన్సు రాజుకు పంపిన ఉత్తరంలో సిరియాలో మేత అయిపోయిందని రాయించాడు.

లెక్క వేసి చూడండి. ఒక్కో మంగోలు సైనికుడికి అయిదు గుర్రాలు ఉండడం మామూలు. సైన్యం లక్ష అనుకుంటే గుర్రాలు అయిదు లక్షలు. చిన్నజాతి గుర్రమే అయినా రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డికి సమానమైన మేత కావాలి. అంటే రోజుకు మూడు వేల టన్నులు. పది టన్నుల లారీలు మూడు వందలు, రోజూ. మన దగ్గరైతే సార్వా కోతలయ్యాక గడ్డివాములు ఉంటాయి. మంగోలు గుర్రం వామి గడ్డి తిని బతికేది కాదు, మేసుకుంటూ నడిచేది. సిరియాలో వానలు ఆగాక ఆ పచ్చిక నెల రెండు నెలల్లో మాడిపోతుంది. గుర్రానికి పాతిక లీటర్ల లెక్కన రోజుకు కోటీ పాతిక లక్షల లీటర్ల నీళ్లు వేరే. మమ్లూకు సైనికుడికి మంచి గుర్రం ఒకటో రెండో, లాయంలో బార్లీ దాణా తిని బలిసినవి.

అర్ధ శతాబ్దం పాటు ఇల్‌ఖాన్లు మళ్లీ మళ్లీ సిరియా మీదికి వెళ్లారు. 1299 చివర్లో గెలిచారు కూడా. కొద్ది నెలలకే వెనక్కి రావాల్సి వచ్చింది. 1323లో సంధి చేసుకున్నారు.

ప్రశ్న: కాగితం నోట్లు వేయబోయి భంగపడ్డారంట కదా. చైనాలో చెల్లిన నోటు ఇరాన్‌లో ఎందుకు చెల్లలేదు?
— వస్త్ర వ్యాపారి, నరసాపురం

జవాబు: ఇది వ్యాపారులు అడగాల్సిన ప్రశ్నే. రెండో ముక్కలోనే అసలు విషయం పట్టుకున్నారు.

1291లో గద్దెనెక్కిన గైఖాతు చేతికి ఎముక లేని మనిషి. దానికి తోడు పశువులకు తెగులు తగిలి మందలు తుడిచిపెట్టుకుపోయాయి. ఖజానా అడుగంటింది. వజీరు సద్రుద్దీన్ జంజానీ చైనా పద్ధతి చెప్పాడు. కుబ్లాయ్ కొలువు నుంచి వచ్చిన బోలాద్ అనే పెద్దమనిషిని పిలిచి వివరాలు కనుక్కున్నారు. 1294 సెప్టెంబరులో తబ్రీజ్‌లో నోటు దించారు. దాని పేరు 'చావ్', చైనా మాటే. నిలువుగా ఉన్న కాగితం. అంచున చైనా అక్షరాలు, పైన ఇస్లాం మత ప్రమాణ వాక్యం, కింద గైఖాతుకు బౌద్ధ లామాలు పెట్టిన టిబెట్ పేరు, నడుమ గుండ్రంలో విలువ. అర దిర్హం నుంచి పది దీనార్ల దాకా. చెక్క అచ్చుతో కొట్టారు. ఇరాన్‌లో అచ్చు ముద్రణ జరిగినట్టు మనకు తెలిసిన మొదటి సందర్భం ఇదే. తీసుకోనన్నవాడికి మరణశిక్ష.

తలకు భయపడి తీసుకున్నారు గానీ, కొట్లో సరుకు పెట్టలేదు. తబ్రీజ్ బజారులో తిండి గింజలు కనబడలేదు. మోయగలిగినవాళ్లు ఊరొదిలి పోయారు. సుమారు రెండు నెలల్లో నోటు వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది వసంతంలో గైఖాతును చంపేశారు.

ఇక ఎందుకు చెల్లలేదన్న సంగతి. చైనాలో జనానికి కాగితం డబ్బు చెయ్యి తగిలి అప్పటికే రెండున్నర శతాబ్దాలు దాటింది. 1260లో కుబ్లాయ్ నోటు దించినప్పుడు వెనక వెండి నిల్వ పెట్టాడు, పన్నులు నోట్లలోనే కట్టించుకున్నాడు, చిరిగిన నోటుకు కొత్తది ఇచ్చే కొట్లు పెట్టి నూటికి రెండో మూడో మాత్రం కోసుకునేవాడు. పన్ను కట్టడానికి పనికొచ్చే కాగితాన్ని ఎవడూ కాదనడు. ఇరాన్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ నిలబెట్టలేదు. పాత నోటుకు కొత్తది అడిగితే పదో వంతు కోత. పైగా ఖజానా ఖాళీ అయిందని బజారంతటికీ తెలుసు. మీ వ్యాపారంలో ఎవరైనా ముందు మీ సరుకు ఎత్తుకుని, ఆనక తన చేతిరాత చీటీ ఇచ్చి, తీసుకోకపోతే కొడతానంటే ఆ చీటీకి ఎంత విలువ కడతారో దీనికీ అంతే కట్టారు.

ప్రశ్న: పాడుబడ్డ ఊళ్లు మళ్లీ లేచాయా? రైతుకు ఎవరైనా మేలు చేశారా?
— కౌలు రైతు, మండపేట

జవాబు: చేశాడు. పేరు గాజాన్, ఏలింది 1295 నుంచి 1304 దాకా. ఈ తొమ్మిదేళ్లు లేకపోతే ఇల్‌ఖాన్ల గురించి ఇంత వివరంగా రాయాల్సిన పనే లేదు. ఆయన వజీరు రషీదుద్దీన్, హమదాన్ ఊరి యూదు కుటుంబంలో పుట్టిన వైద్యుడు, చరిత్రకారుడు. ఆ లెక్కలన్నీ రాసిపెట్టిందీ ఆయనే. సొంత రాజును పొగిడే వజీరు మాటల్లో కొంత తీసివేత వేసుకోవాలి. అయినా ఇన్ని వివరాలు గాల్లోంచి పుట్టవు.

ముందు 'రైతు' అన్న మాటే చూడండి. రషీదుద్దీన్ పల్లెటూరి సేద్యగాళ్లను పిలిచే మాట 'రయీయత్'. అరబీలో దానికి కాపరి కింద ఉన్న మంద అని అర్థం. పారసీ దివాణాల వెంట మన దేశమొచ్చి, తెలుగులో రైతు అయింది. కిస్తు, వసూలు, జమ, బాకీ అన్నీ ఆ దారినే వచ్చాయి.

గాజాన్‌కు ముందు వసూలు ఎలా జరిగేదంటే, ఖజానా సొమ్ము ఇవ్వాల్సినవాడికి సొమ్ము ఇచ్చేది కాదు. ఫలానా ఊరి పన్నులోంచి ఇంత తీసుకో అని 'బరాత్' అనే చీటీ రాసిచ్చేది. ఒకే ఊరి మీద ఎన్ని చీటీలు రాశారో దివాణంలో ఎవడికీ లెక్క ఉండేది కాదు. ఒకే పన్ను ఏడాదికి పది, ఇరవై సార్లు గుంజిన చోట్లున్నాయని రషీదుద్దీన్ రాశాడు. ఆయన చెప్పిన ఒక దృశ్యం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. యజ్ద్ సీమలో ఫిరోజాబాద్ పెద్ద ఊరు. 1292లో ఒక భూస్వామి తన రాబడి కోసం వెళ్లి మూడు రోజులు తిరిగితే ఊరి పెద్ద ఒక్కడూ దొరకలేదు. ఊరి నడుమ చీటీలు పట్టుకుని పదిహేడు మంది వసూలుదార్లు కూర్చుని ఉన్నారు. బయట దొరికిన ఒక కావలివాణ్నీ, ఇద్దరు రైతుల్నీ ఈడ్చుకొచ్చి, తాళ్లతో వేలాడగట్టి, మిగతావాళ్లు ఎక్కడ దాక్కున్నారో చెప్పమని కొడుతున్నారు. మునసబు, కరణం, తలారి అందరూ పరారైన ఊరిని ఊహించుకోండి.

గాజాన్ చేసిన మొదటి పని ఆ చీటీలు ఆపడం. రెండో పని, ఊరూరా పన్ను ఎంతో తేల్చి, దివాణంలో రాయించి, ఆ లెక్కను చెక్క మీదో రాతి మీదో లోహపు పలక మీదో చెక్కించి ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టించడం. ఏడాదికి రెండు కిస్తులు, అంతే. పలక మీద ఉన్నదానికన్నా ఎక్కువ అడిగినవాణ్ని రైతు వేలెత్తి చూపించొచ్చు. మూడోది, తబ్రీజ్ తూకాన్ని రాజ్యమంతటికీ ఒకే తూకం చేయడం. శిస్తు గింజల్లో కట్టేవాడికి తూకపురాయి ఎంత ముఖ్యమో ధాన్యం కాటా దగ్గర నిలబడ్డవాళ్లకు తెలుసు. నాలుగోది మీకు నచ్చుతుంది. బీడుపడ్డ భూమిని లేవదీసినవాడికి మొదటి ఏడు పన్ను లేదు. ఆ తర్వాత నీళ్లు తేలిగ్గా వస్తాయా, కాలువ తవ్వాలా అన్నదాన్ని బట్టి తగ్గింపు. అయిదోది, ఖాన్ దూతలు రైతుల ఇళ్లలో దిగి తిని, పశువులను తోలుకుపోయే అలవాటు మాన్పించి, వాళ్లకు వేరే సత్రాలు కట్టించడం.

ఇదంతా జాలితో చేశాడనుకోకండి. తన అమీర్లను (సేనానులను) కూర్చోబెట్టి గాజాన్ చెప్పిన మాటల సారం ఇది: నేనేం రైతుల పక్షం కాదు. దోచుకోవడమే లాభమైతే అందరికన్నా ముందు నేనే దోస్తాను. కానీ వాళ్ల ఎడ్లనూ విత్తనాలనూ మీరు తినేస్తే వచ్చే ఏడు ఏం తింటారు? అప్పుడు నా దగ్గరికొచ్చి తిండి అడిగితే ఊరుకోను. ఎద్దునూ విత్తనాన్నీ ముట్టకూడదని గుర్రం మీద పుట్టి పెరిగిన జాతికి అర్థం కావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఫలితం అంకెల్లో ఉంది. ఖజ్వీన్ వాడైన హమ్దుల్లా ముస్తౌఫీ, రెవెన్యూ ఉద్యోగి, 1340 ప్రాంతంలో లెక్క రాశాడు. గాజాన్‌కు ముందు రాజ్యం రాబడి 1 కోటి 70 లక్షల దీనార్లు, సంస్కరణల తర్వాత 2 కోట్ల 10 లక్షలు. పన్ను ఒక్కసారే తీసుకుంటే రాబడి పెరిగింది. అయితే మంగోలులకు ముందు ఏలిన సెల్జుకుల నాటి రాబడి దీనికి ఎన్నో రెట్లని కూడా ఆయనే రాశాడు. గాయం మానింది గానీ కండ తిరిగి రాలేదు.

ఒక చెడ్డ సంగతీ చెప్పాలి. ఊరొదిలి పారిపోయిన రైతును ముప్ఫై ఏళ్ల లోపైతే పట్టి తెచ్చి పాత ఊళ్లో పెట్టొచ్చని గాజాన్ ఆజ్ఞ. 1303లో సైనికులకు జీతం బదులు భూములిచ్చినప్పుడు ఆ రైతులు భూమితో పాటే వాళ్ల చేతికి వెళ్లారు. కౌలు చేసే మీకు ఈ షరతు బరువు తెలుస్తుంది.

ప్రశ్న: కోకచిన్ చివరికి ఎవర్ని పెళ్లాడింది? ఓడ చేరేసరికి పెళ్లికొడుకు చనిపోయాడన్నారు.
— గృహిణి, భీమవరం

జవాబు: అవునండి. ఆమెను అడిగింది అర్ఘూన్ ఖాన్. ఆయన భార్య బోలుఘాన్ పోతూ, తన స్థానంలో తన వంశపు పిల్లే రావాలని కోరింది. కుబ్లాయ్ కోకచిన్‌ను ఎంచి సముద్రం మీద పంపాడు. ఆమె వచ్చేసరికి అర్ఘూన్ 1291లోనే పోయాడు. ఆమెను అర్ఘూన్ కొడుకు గాజాన్‌కు ఇచ్చి చేశారు, పై జవాబులోని గాజానే. తండ్రికి అనుకున్న సంబంధం కొడుక్కి కుదర్చడం మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది. మంగోలుల్లో తండ్రి పోయాక కన్నతల్లిని తప్ప ఆయన మిగతా భార్యలను కొడుకు చేసుకోవడం ఆచారమే. పాపం, ఆమె ఎన్నో ఏళ్లు బతకలేదు.

ప్రశ్న: ఇంత బాగుచేసిన రాజ్యం 1335లో ఒక్కసారిగా ఎందుకు కూలింది? పైనుంచి ఎవరూ దండెత్తలేదు కదా.
— చరిత్ర ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: దండెత్తే అవసరం ఎవరికీ రాలేదు. గాజాన్ తమ్ముడు ఒల్జయితు 1304 నుంచి 1316 దాకా బాగానే ఏలాడు. సుల్తానియాలో యాభై మీటర్ల ఎత్తు నీలి గుమ్మటంతో కట్టించుకున్న సమాధి నేటికీ నిలిచి ఉంది. తర్వాత ఆయన కొడుకు అబూ సయీద్, పదకొండు పన్నెండేళ్ల పిల్లాడు. పెత్తనమంతా చూపాన్ అనే అమీరుది. 1318లో, ఒల్జయితుకు విషం పెట్టించాడన్న నింద వేసి డెబ్బై ఏళ్ల రషీదుద్దీన్‌ను చంపించారు. ఆ ఒక్క చావుతో దివాణంలో లెక్క చూసే చెయ్యి పోయింది.

అబూ సయీద్ పెద్దవాడయ్యాడు. చూపాన్ కూతురు బాగ్దాద్ ఖాతూన్ మీద మనసు పడ్డాడు. ఆమెకు అప్పటికే జలాయిర్ తెగ షేక్ హసన్‌తో పెళ్లయింది. ఖాన్ కోరితే భర్త వదిలేయాలన్నది మంగోలు పద్ధతి. చూపాన్ ఒప్పుకోలేదు. 1327లో చూపాన్ కొడుకు దిమష్క్ ఖ్వాజాను చంపించాడు ఖాన్. చూపాన్ హెరాత్‌కు పారిపోతే అక్కడి రాజు ప్రాణం తీశాడు. బాగ్దాద్ ఖాతూన్‌ను ఖాన్ పెళ్లాడాడు. రాజ్యానికి మూలస్తంభంలాంటి సైనిక కుటుంబం అలా ముక్కలైంది.

1335 నవంబరు 30న, బంగారు గుంపు మీదికి సైన్యం నడుపుతూ, అబూ సయీద్ ముప్ఫై ఏళ్లకే పోయాడు. కొడుకు లేడు. ఒక భార్య దిల్షాద్ ఖాతూన్ కడుపుతో ఉంది. ఆర్నెల్లకు ఆడపిల్ల పుట్టింది. పక్కన దాయాదులు లేరా అంటే, అసలు లోపం అక్కడే ఉంది. వారసత్వానికి పెద్దకొడుకు అన్న నియమం లేదు. వంశంలో ఎవరు బలవంతుడైతే వాడు. అందుకని గద్దెనెక్కిన ప్రతివాడూ ముందు తన తమ్ముళ్లనూ పినతండ్రి కొడుకులనూ ఏరి చంపుకుంటూ వచ్చాడు. గాజాన్ కూడా మొదటి రెండేళ్లలో అదే చేశాడు. పంట బోదె మీద పెత్తనం కోసం పక్క పొలాల బోదెలన్నీ పూడ్చుకుంటూ పోతే, ఉన్న ఒక్కటీ ఎండినప్పుడు నీళ్లు వచ్చే దారి ఉండదు.

రషీదుద్దీన్ కొడుకు, వజీరు గియాసుద్దీన్, హులగు తమ్ముడి వంశం నుంచి అర్పా అనేవాణ్ని తెచ్చి కూర్చోబెట్టాడు. 1336లోనే ఇద్దర్నీ చంపేశారు. తర్వాత జలాయిర్ తెగ పెద్ద హసన్ (బాగ్దాద్ ఖాతూన్ మొదటి భర్త) ఒకవైపు, చూపాన్ మనవడు చిన్న హసన్ ఇంకోవైపు. ఎవరికి వారే ఒక బొమ్మ ఖానును పట్టుకుని యుద్ధానికి దిగారు. అబూ సయీద్ తోబుట్టువు సాతీ బేగ్‌ను కూడా 1338లో గద్దెనెక్కించారు, ఏడాది తిరక్కుండా దించేశారు. బాగ్దాదు జలాయిర్లకు, తబ్రీజ్ చూపాన్ వంశానికి, షిరాజ్, యజ్ద్ ముజఫరీలకు, హెరాత్ కర్త్‌లకు పోయాయి. ఖొరాసాన్‌లో పన్నుల పోటుకు తిరగబడ్డ సర్బెదారులు తమ సొంత రాజ్యమే పెట్టుకున్నారు. గాజాన్ చెక్కించిన పలకలు ఆ సీమలో ఎవరూ లెక్కచేయడం లేదని దాన్ని బట్టే తెలుస్తుంది. 1357లో బంగారు గుంపు ఖాన్ జానీ బేగ్ వచ్చి తబ్రీజ్ తీసుకున్నాడు. మొదటి జవాబులో చెప్పిన గట్టు తగాదా అలా ముగిసింది, అటువైపు వాదించే వారసుడు మిగలక.

ప్రశ్న: మస్కట్‌లో పనిచేస్తూ అక్కడ బజారులో ఒక వెండి నాణెం కొన్నాను. అమ్మినాయన ఇల్‌ఖాన్లదన్నాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుందండి?
— రాజోలు

జవాబు: ముందు తూకం. కంసాలి దగ్గర గ్రాములో నూరో వంతు చూపే కాటా ఉంటుంది. గాజాన్ దిర్హం 2.16 గ్రాములు, రెండు దిర్హాల బిళ్ల 4.3 గ్రాముల దరిదాపు. అబూ సయీద్ కాలంలో ఈ బరువు మెట్టు మెట్టుగా తగ్గింది, ఆ తర్వాతి వాళ్లవి ఇంకా పలచన. కాబట్టి తక్కువ తూగినంత మాత్రాన దొంగదని తోసేయకండి, పేరుతో కలిపి చూడాలి.

తర్వాత రాత. అరబీ అక్షరాలతో పాటు పైనుంచి కిందికి వెన్నెముకలా దిగే ఉయ్‌ఘుర్ లిపి వరసలు ఉంటే మంచి గుర్తు. మొదటి ఖాన్ల నాణేల మీద తమ పేరుకు ముందు మహాఖాన్ పేరు ఉంటుంది. గాజాన్ దాన్ని తీసేసి ఆకాశ దైవపు బలంతో కొట్టించానని తన పేరే వేయించాడు. పన్నెండుమంది ఇమాముల పేర్లు ఉంటే ఒల్జయితు చివరి ఏళ్లది. సాతీ బేగ్ పేరు ఉంటే భద్రంగా దాచండి.

సంవత్సరం ఎక్కువగా అంకెల్లో కాక అరబీ మాటల్లో ఉంటుంది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. 716 అని ఉంటే 1316. వట్టి 33 అనో 34 అనో ఉంటే కంగారు పడకండి. అది గాజాన్ 1302లో మొదలెట్టిన 'ఖానీ' శకం. 33 అంటే సుమారు 1334, అబూ సయీద్ చివరి రోజులు.

ఇక దొంగ నాణెం జాడలు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనబడుతుంది, భూతద్దంలో చూస్తే సూది మొనంత బుడగ గుంటలుంటాయి, అక్షరాల అంచులు అరిగిన సబ్బులా మెత్తగా ఉంటాయి. అసలుది సుత్తి దెబ్బతో కొట్టింది గనక అచ్చు ఒక పక్కకు జరిగి ఉండొచ్చు, అంచు పగిలి ఉండొచ్చు. అవి లోపాలు కావు. అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం వెండి కాదు.

ఒక్క పని చేయకండి. నల్లబడిందని చింతపండు పెట్టి తోమకండి. ఆ నలుపు కింద అక్షరాల అంచులు పదిలంగా ఉంటాయి, తోమితే అవే ముందు పోతాయి. మెత్తటి పాత నూలు గుడ్డతో తుడిచి కాగితపు కవరులో పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు. పగటి వెలుగులో, పక్కనుంచి ఎండ పడేలా పెట్టి, రెండు వైపులా, అంచునూ ఫోటోలు తీసి, బరువూ అడ్డకొలతా రాసి పంపండి. వచ్చే నెల చదివి చెబుతాం.